ఇప్ప పూత ఎందుకు తప్పుతోంది? మొర్రి, తునికి కాపు సంగతి కూడా

ఏజెన్సీ టీచర్ | ఏప్రిల్ 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఉట్నూరు దగ్గర ఒక గోండు గూడెం బడిలో పనిచేస్తున్నాను. మార్చి వస్తే మా బడిలో పొద్దునపూట హాజరు సగానికి పడిపోతుంది. పిల్లలు తల్లుల వెంట ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. ఈసారి అందరూ వేళకు వస్తున్నారు. ఏమైందిరా అంటే "పువ్వు లేదు సార్" అంటున్నారు.

ఊళ్ళో తలా ఒక కారణం చెప్తున్నారు. మొగ్గ మీద మబ్బు పట్టిందని కొందరు, చెట్లు ముసలివయ్యాయని కొందరు, పత్తికి కొట్టే మందుల వల్లని ఇంకొందరు. నాకు అంతుపట్టనిది వేరే ఉంది. అడవి అంచున ఉన్న చెట్లు దాదాపు పూయలేదు. చేలల్లో ఒంటరిగా నిలబడ్డవి కొన్ని బాగానే పూశాయి. రెంటికీ ఒకే వాన, ఒకే ఎండ కదా, ఇంత తేడా ఎందుకు? మొర్రి (సారపప్పు చెట్టు) కాపు కూడా పలచగానే ఉంది. తునికి (బీడీ ఆకు చెట్టు) పండ్లయితే పిల్లలు తిని ఎన్నాళ్ళయిందో. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. పువ్వు పోతే ఈ గూడేల్లో ఎండాకాలపు ఆదాయమే పోతుంది.

గరికచేను | ఏప్రిల్ 6, రాత్రి 10:40

టీచర్ గారూ, ఏ చెట్టు ఏ కాలంలో చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది అన్నదాని మీదే నా పని. ముందు ఒకటి అడుగుతాను, నిరుడు పూత ఎలా ఉంది? ఇప్ప ఏటా ఒకేలా పూయదు. ఒక ఏడు విరగబూస్తే మరుసటి ఏడు తగ్గుతుంది, ఒక్కోసారి రెండేళ్ళు తగ్గుతుంది. పూతకూ కాయకూ చెట్టు దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది, దాన్ని మళ్ళీ కూడబెట్టుకోవాలి. నిరుడు బాగా పూసి ఉంటే ఈ ఏడాది తగ్గుదలకు వాతావరణాన్ని తప్పుపట్టలేం.

ఏజెన్సీ టీచర్ | ఏప్రిల్ 7, ఉదయం 6:25

నిరుడూ అంతంతమాత్రమే మేడమ్. అంతకు ముందు ఏడు పువ్వు బాగానే ఉంది కానీ, నడుమ రాళ్ళవాన పడి రాలిందంతా కుళ్ళిపోయింది.

గోదారిగట్టు | ఏప్రిల్ 7, ఉదయం 7:50

మాది చర్ల వైపు, కోయ కుటుంబం. మా దగ్గర కూడా ఇదే మాట, సార్. కాకపోతే కారణం పైన ఆకాశంలోనే లేదు, కింద నేల మీద కూడా ఉంది. మా తాత ఏరిన తోపులో ఇప్పుడు సగం జామాయిల్ వేశారు. మిగిలిన ఇప్పలు ఆ జామాయిల్ వరసల పక్కనే ఉన్నాయి. అవి పూయవు, పూసినా కాయ నిలవదు. వాటికి నీళ్ళు అందడం లేదని మా అమ్మ అంటుంది. చదువుకున్నవాళ్ళు దీనికి ఏం చెప్తారో వినాలని ఉంది.

గరికచేను | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:15

కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆదిలాబాద్, ఖమ్మం, నల్లమల అడవులను మనం శుష్క ఆకురాల్చు అడవులని చదువుకున్నాం. వీటిలో చాలా భాగాన్ని సవన్నాగా గుర్తించాలని బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం) శాస్త్రవేత్తలు జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ తదితరులు చాలా కాలంగా వాదిస్తున్నారు. సవన్నా అంటే ఆఫ్రికాలో సింహాలు తిరిగే మైదానమే కాదు. చెట్టుకూ చెట్టుకూ ఎడం ఉండాలి, కింద ఎండ తగిలితేనే బతికే గడ్డి ఉండాలి, ఆ గడ్డి ఎండి తరచూ అంటుకోవాలి, దాన్ని మేసే పశువులు ఉండాలి. మన ఇప్ప, తునికి, మొర్రి, మోదుగ అలాంటి చోట పెరగడానికి తయారైన చెట్లే. బెరడు మందం, వేరు లోతు, నరికినా కాలినా మళ్ళీ పిలకలేసే గుణం, అన్నీ దానికి గుర్తులే.

2005లో శంకరన్ బృందం ఆఫ్రికా సవన్నాల లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూసింది. ఏడాదికి సుమారు 650 మి.మీ. లోపు వాన పడే చోట చెట్లు ఎంత దట్టంగా ఉండగలవో వానే తేలుస్తుంది. అంతకు మించి పడే చోట నిప్పు, మేత, మనుషుల పనులే చెట్లను పలచగా ఉంచుతాయి. ఆదిలాబాద్‌లో వాన వెయ్యి మి.మీ. పైమాటే. ఆఫ్రికా అంకెను తెచ్చి మన నేలకు అతికించకూడదు కానీ, ఇక్కడ నేలను ఎలా వాడుతున్నామన్నది వాన ఎంత పడిందన్న దానికి తీసిపోని ప్రశ్న అని మాత్రం తెలుస్తుంది. గోదారిగట్టు గారి అమ్మగారు అన్నది సరైన చోటే తగిలింది.

ఇక పూత సంగతి. ఇప్ప, మోదుగ, బూరుగ ఎండాకాలంలో ఆకు రాల్చి పూస్తాయి. నేల పైపొర ఎండిపోయి ఉన్నప్పుడు ఆ పూతకు నీరు ఎక్కడిది? ఆకు రాలగానే నీటి ఖర్చు ఆగిపోతుంది. లోతు వేళ్ళు తోడిన నీటితో కాండం మళ్ళీ నిండుతుంది, మొగ్గ ఆ నీటితోనే విచ్చుకుంటుంది. కోస్టారికా ఎండు అడవుల్లో రోల్ఫ్ బోర్చెర్ట్ దీన్ని వివరంగా చూపించాడు. ఆసియా ఋతుపవన అడవుల్లో వాన రాకముందే చిగురు రావడానికి పగటి పొద్దు పెరగడమే సంకేతమని కూడా ఆయనా, సహచరులూ రాశారు.

కాబట్టి మార్చి పూత మార్చి వాతావరణం ఒక్కదానితో తేలేది కాదు. నిరుడు సెప్టెంబర్, అక్టోబర్ వానలు నేల లోతుకు దిగాయా అన్నది ముందు చూడాలి. నాలుగు రోజుల్లో కుండపోతగా పడి వాగుల్లో కొట్టుకుపోతే మొత్తం లెక్కలో వాన బాగానే కనిపిస్తుంది, చెట్టుకు మాత్రం చేరదు. పక్కనే వేగంగా పెరిగే, ఏడాది పొడుగునా ఆకు నిలుపుకునే జామాయిల్ దట్టంగా ఉంటే, ఇప్ప ఆకు రాల్చి నీటి ఖర్చు ఆపుకున్నప్పుడు కూడా అవి ఆ లోతు నీటిని లాగుతూనే ఉంటాయి. అమ్మగారు చెప్పింది అదే.

చేలో చెట్టు పూసి అడవంచు చెట్టు పూయకపోవడానికి కూడా ఇందులోనే జవాబుంది. చేలో చెట్టుకు నాలుగు వైపులా ఎండ ఉంటుంది, కొమ్మలు పక్కలకు విస్తరిస్తాయి. పూత వచ్చేది కొమ్మల చివర్లలోనే కదా. పోటీ లేదు, దున్నిన నేలలోకి వాన ఇంకుతుంది, కింద మంట రాదు. అడవంచున టేకు, లాంటానా, ఇతర పొదలు కమ్ముకుంటే ఇప్ప కొమ్మలు ఇరుకవుతాయి.

నల్లరేగడి | ఏప్రిల్ 7, రాత్రి 8:05

చేలో చెట్టు బాగా పూసిందంటున్నారు, బాగుంది. ఆ చెట్లు ఎన్ని మిగిలాయో కూడా చెప్పండి. నేను జైనథ్ దిక్కు పత్తి రైతును. మా నాయిన కాలంలో జొన్న వేసేటోళ్ళు, చేల నడుమ ఇప్ప, మోదుగ, రేల ఉండేవి. జొన్నకు చెట్టునీడ అంతగా అడ్డం రాలేదు. పత్తికి నీడ పడితే కాయ పట్టదు. ట్రాక్టర్ తిరగాలంటే నడుమ చెట్టు ఉంటే కష్టం. ఇంటింటికీ ఎద్దులు ఉన్నప్పుడు చెట్టు చుట్టూ తిప్పుకొని దున్నేవాళ్ళు. కౌలుకు ఇచ్చిన చేలల్లో ఇంకా తొందరగా పోయినయి, కౌలుదారుకు చెట్టు మీద హక్కు లేదు, చెట్టు కింద పంట నష్టం మాత్రం ఆయనదే. చెట్టు కొట్టినోళ్ళను తిట్టేముందు ఈ లెక్క చూడండి. నేను గట్ల మీదివి ఉంచిన, నడిమివి ఉంచలేకపోయిన.

తమాలే నుంచి | ఏప్రిల్ 7, రాత్రి 11:30

నల్లరేగడి అన్నా, మీరు చెప్పింది చదువుతుంటే నేనున్న చోటు గుర్తొచ్చింది. ఉద్యోగరీత్యా ఉత్తర ఘనాలోని తమాలేలో ఉంటున్నాను. ఇక్కడ షియా చెట్టు ఉంది. మన ఇప్ప, సపోటా ఏ కుటుంబమో ఇదీ అదే. సెనెగల్ నుంచి ఉగాండా, ఇథియోపియా దాకా సవన్నా పట్టీ అంతా ఈ చెట్టే. డిసెంబర్ నుంచి మార్చి దాకా, ఎండాకాలంలోనే పూస్తుంది. మే నుంచి ఆగస్టు దాకా పండు రాలుతుంది. గింజ నుంచి తీసే వెన్నను వంటకూ ఒంటికీ వాడతారు, విదేశాలకూ పోతుంది. ఏరేది ఆడవాళ్ళే, ఆదాయం వాళ్ళదే.

ఇక్కడి రైతులు పొలం చదును చేసినా షియాను కొట్టరు. జొన్న, సజ్జ, మొక్కజొన్న మధ్య పెద్ద చెట్లు నిలబడి ఉంటాయి. అడవిలోని షియా కన్నా పొలంలోని షియా ఎక్కువ కాస్తుందని ఇక్కడందరికీ తెలుసు. గరికచేను గారు చెప్పిన కారణాలే, ఎండ, పోటీ లేకపోవడం, మంట రాకపోవడం.

అయితే ఇక్కడొక పెద్ద చిక్కు ఉంది. పొలంలో కాసే చెట్టు ఉంటుంది, దాని పిల్ల ఉండదు. పాత పద్ధతిలో కొన్నేళ్ళు పండించి కొన్నేళ్ళు బీడు వదిలేవాళ్ళు. షియా మొక్కలు ఆ బీడులోనే ఎదిగేవి. కాపుకు రావడానికే 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు జనం పెరిగారు, బీడు కాలం తగ్గింది, కొన్నిచోట్ల పూర్తిగా పోయింది. మొక్కలు ఏటా నాగలికీ ట్రాక్టర్‌కీ బలి. కళ్ళముందు నిండుగా కాసే చెట్లున్నాయి కాబట్టి ఎవరికీ లోటు తెలియదు. ఆ ముసలి చెట్లు పోయిననాడు వాటి స్థానంలో ఏముంటుంది? మీ చేలలోని ఇప్పలకూ ఇదే గతి కాదా?

ఏజెన్సీ టీచర్ | ఏప్రిల్ 8, ఉదయం 6:10

తమాలే అన్నా, మీ పోస్టు చదివాక మా చుట్టుపక్కల ఇప్పలను మనసులో తలుచుకుంటూ పోయాను. నడుము ఎత్తు మొక్క గానీ, చెయ్యి లావు చెట్టు గానీ ఎక్కడ చూశానో గుర్తుకు రావడం లేదు. ఉన్నవన్నీ తాతల నాటివే.

పాత రేంజర్ | ఏప్రిల్ 8, ఉదయం 9:45

అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మొక్క లేకపోవడానికి మొదటి కారణం నిప్పు అని నేను గట్టిగా చెప్తాను. పువ్వు తేలిగ్గా ఏరడానికి చెట్టు కింద ఆకులు ఊడ్చి అంటిస్తారు. ఆ మంట చెట్టు కిందే ఆగదు. మార్చిలో గాలికి గుట్టంతా పాకుతుంది. నిరుడు మొలిచిన ప్రతి మొక్కా కాలిపోతుంది. మొర్రి పిందెలు సెగకే రాలిపోతాయి. ఫైర్ లైన్లు (మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన పట్టీలు) గీసేవాళ్ళం, శాటిలైట్ అలర్టు రాగానే పరిగెత్తేవాళ్ళం, అయినా ఆపలేకపోయాం. దీన్ని పూర్తిగా బంద్ చేస్తే తప్ప వేరే మార్గం లేదు.

గోదారిగట్టు | ఏప్రిల్ 8, ఉదయం 10:20

సార్, మీ మాట కాదనను, చెట్టు కింద అంటించేది మావాళ్ళే. కానీ తెల్లారకముందే పోయి, ఎలుగు వస్తుందేమోనని భయపడుతూ, ఎండిన ఆకుల్లోంచి ఒక్కో పువ్వూ ఏరడం ఎంత కష్టమో చూడాలి. ఇప్పుడు మా గూడెంలో కొందరం వల కడుతున్నాం. చెట్టు కింద నాలుగు గుంజలు పాతి వల కడితే పువ్వు నేల తగలదు, మట్టి అంటదు, కొనేవాళ్ళు కూడా శుభ్రంగా ఉందని తీసుకుంటారు. నిప్పు అవసరమే లేదు. వల ఖరీదు మాత్రం పెద్ద చెట్లున్న ఇంటికి భారమే.

ఇంకొకటి, ఆకు మంట ఒక్కటే నిప్పు కాదు. తునికాకు కోసం పెట్టే నిప్పు ఎవరిది?

పాత రేంజర్ | ఏప్రిల్ 8, మధ్యాహ్నం 12:05

న్యాయమైన ప్రశ్న. తునికాకు వ్యాపారం 1971 చట్టంతో ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. ఫిబ్రవరి, మార్చిలో పొదలు నరికించడం పద్ధతి, ప్రూనింగ్ అంటారు. నరికిన మోడు నుంచి వచ్చే లేత చిగురు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది, బీడీకి అదే కావాలి. ఏప్రిల్, మే నెలల్లో కోసి, 50 ఆకుల కట్టలు కట్టి కల్లానికి తెస్తారు. నరకడానికి కూలి ఖర్చని కొందరు నిప్పు పెడతారు. కాలినా అదే చిగురు వస్తుంది. ఇది జరుగుతుందని నాకు తెలుసు.

టీచర్ గారు తునికి పండు లేదన్నారు కదా, సగం జవాబు ఇక్కడే ఉంది. ఏటా నరికే పొద ఎన్నటికీ పొదే, దానికి పూత ఈడు రాదు. పండు కావాలంటే కొన్ని మొక్కలను చెట్టుగా ఎదగనివ్వాలి. పైగా తునికిలో ఆడ, మగ చెట్లు వేరు. మిగిలిన నాలుగు చెట్లలో పోతు చెట్టు దగ్గరలో లేకపోతే ఆడ చెట్టు పూసీ ప్రయోజనం లేదు.

గరికచేను | ఏప్రిల్ 8, రాత్రి 9:30

రేంజర్ గారు చెప్పిన ఈ చివరి సంగతి చాలా ముఖ్యం. దక్షిణాఫ్రికా, నమీబియా వైపు మరులా చెట్టుకూ ఇలాగే ఆడ, మగ వేరు. పండు ఇవ్వడం లేదని ఊళ్ళ చుట్టూ మగ చెట్లను కొట్టడం అక్కడా ఉంది. మన దగ్గర పోతుతాడు నుంచి కల్లు వస్తుంది కాబట్టి అది బతికిపోయింది. తునికికి ఆ రక్ష లేదు.

నిప్పు గురించి మాత్రం రేంజర్ గారితో పూర్తిగా ఏకీభవించలేను. సవన్నా చెట్లకు నిప్పు కొత్త కాదు. ఏ నెలలో, ఎన్నేళ్ళకోసారి, ఎంత వేడితో అన్నదే అసలు విషయం. చలికాలం మొదట్లో, గడ్డి ఇంకా కొంత పచ్చిగా ఉన్నప్పుడు వచ్చే మంట తక్కువ ఎత్తులో, అతుకులు అతుకులుగా కాలుస్తుంది. మార్చి, ఏప్రిల్ మంట గడ్డి అంతా ఎండాక వస్తుంది, మొగ్గనూ పిందెనూ సెగతో మాడుస్తుంది. మొక్క ఏటా కాలి ఏటా వేరు నుంచి మళ్ళీ లేస్తూ ఉంటుంది, మంట అందని ఎత్తుకు మాత్రం చేరదు. వేరు వయసు ఎన్నో ఏళ్ళుండవచ్చు, పైకి చూస్తే మోకాలెత్తు పిలక. దానికి మంటలేని కొన్ని ఏళ్ళు వరసగా దొరికితే ఒక్కసారిగా ఎదిగి చెట్టయి, పూతకు వస్తుంది. పూర్తిగా నిప్పు ఆపిన చోట లాంటానా కమ్ముకోవడం, ఎండుకట్టె పేరుకుపోయి ఒకనాడు పెద్ద మంట లేవడం కూడా ఉంది. అందుకే బంద్ అన్న ఒక్క మాటతో పని జరగదు. గూడేల వాళ్ళతో కూర్చుని ఏ గుట్టకు ఏ ఏడు నిప్పు రాకుండా చూడాలో తేల్చుకోవాలి.

పాత రేంజర్ | ఏప్రిల్ 8, రాత్రి 10:15

కాగితం మీద బాగుంటుంది మేడమ్. డిసెంబర్‌లో చిన్న మంటకు అనుమతి ఇస్తే అది డిసెంబర్‌లోనే ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు? నా అభిప్రాయం నాది.

నల్లమల అక్క | ఏప్రిల్ 9, ఉదయం 8:00

అచ్చంపేట వైపు చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) ఆడవాళ్ళ సంఘాలతో పనిచేస్తాను. మొర్రి గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

మొర్రి చలికాలం చివర్లో పూసి, ఏప్రిల్, మే నాటికి నల్లగా పండుతుంది. లోపలి సారపప్పుకు పట్నంలో మంచి ధర. ఆ ధరే చెట్టుకు చేటయింది. ముందు పోయినవాడికే కాయ అన్న పోటీ వచ్చేసరికి పండేదాకా ఆగేవాళ్ళు లేరు. పచ్చిగా ఉండగానే కొమ్మతో సహా నరికి దులుపుకుంటున్నారు. పచ్చికాయలో పప్పు నిండదు, తూకం రాదు. నరికిన కొమ్మ మళ్ళీ పూత పట్టడానికి ఏళ్ళు పడుతుంది. మరుసటి ఏడు "మొర్రి కాయలేదు, ఎండలు ఎక్కువయ్యాయి" అంటారు. ఎండలు ఎక్కువైన మాట నిజమే, కొమ్మలు లేని మాట కూడా నిజమే.

కొన్ని పెంటల్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఫలానా రోజు దాకా ఎవరూ కొయ్యకూడదు, ఆ రోజు అందరూ కలిసి పోవాలి. బయటివాళ్ళు రాని చోట ఇది నిలబడింది. రోడ్డు పక్కన నిలబడలేదు. అడవి హక్కుల చట్టం కింద ఊరికి ఉమ్మడి హక్కు పత్రం ఉంటే బయటివాళ్ళను ఆపడానికి ఒక ఆధారం ఉంటుంది. 2006లో చట్టం వచ్చినా ఆ పత్రాలు చేతికందని ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. నా దృష్టిలో చెట్టు కాపుకు ఇది కూడా వానంత అవసరం.

బీఎస్సీ బోటనీ | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 2:20

నేను రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు రెండు డౌట్లు. ఒకటి, వేడి పెరిగితే పూత ముందుకు జరుగుతుంది, అంతేనా, లేక పూత ఆగిపోవడం కూడా ఉంటుందా? రెండు, పూలన్నీ ఏరేస్తే ఇప్పకు కాయ ఎలా వస్తుంది?

గరికచేను | ఏప్రిల్ 9, సాయంత్రం 5:50

రెండో ప్రశ్న ముందు. రాలేది పూర్తి పువ్వు కాదమ్మా. తెల్లటి రసభరితమైన ఆకర్షణపత్రాల గొట్టం, దానికి అతుక్కున్న కేసరాలు మాత్రమే రాలతాయి. అండాశయం రక్షకపత్రాలతో పాటు కొమ్మ మీదే ఉంటుంది, అదే కాయ అవుతుంది. మొగ్గ విచ్చకముందే కీలం బయటికి పొడుచుకొచ్చి వేరే పువ్వు పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. ఆ పుప్పొడిని మోసేవాటిలో పండ్లు తినే గబ్బిలాలు ముఖ్యం. తీపి కోసం రాత్రంతా చెట్టు చెట్టూ తిరుగుతాయి. నేల మీద పువ్వు ఏరినందువల్ల కాపు తగ్గదు. గబ్బిలాలు ఉండే మర్రి, రావి, చింత తోపులు కొట్టేస్తే తగ్గుతుంది. 1972 వన్యప్రాణి చట్టం ఈ గబ్బిలాలను ఎలుకల సరసన, చంపినా తప్పులేని జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితా పోయింది. చట్టం మారింది, జనంలో భయం ఇంకా మారలేదు.

ఇక మొదటి ప్రశ్న. ముందుకు జరగడమూ ఉంది, ఆగిపోవడమూ ఉంది. కేరళలో ఏప్రిల్‌లో వచ్చే విషు పండుగకి పూయాల్సిన రేల ముందే పూస్తోందని అక్కడి జనం, చెట్లను గమనించే బడిపిల్లలు చాలాకాలంగా చెప్తున్నారు. ఆగిపోవడానికి మధ్య ఆఫ్రికాలోని గబాన్ దేశంలో, లోపే జాతీయ పార్కులో బలమైన ఉదాహరణ ఉంది. అక్కడ అడవీ సవన్నా కలగలిసి ఉంటాయి. 1986 నుంచి వందల చెట్లను నెలనెలా చూస్తూ లెక్క రాస్తున్నారు. చల్లటి ఋతువులో రాత్రి ఉష్ణోగ్రత 19 డిగ్రీల కిందికి పడితేనే కొన్ని జాతులు పూస్తాయని 1990లలోనే కనిపెట్టారు. రాత్రులు వేడెక్కాయి. 1986–2018 మధ్య పండిన పండు కనబడే అవకాశం సగటున 81 శాతం పడిపోయిందని 2020లో ప్రకటించారు. ఏనుగులు కూడా చిక్కిపోయాయి. అవి అడవి జాతుల చెట్లు, మన ఇప్పకు అదే 19 డిగ్రీల గీత ఉందని నేను అనను. కానీ పగటి ఎండ ఒక్కటే చూసి రాత్రి చలిని మరిచిపోకూడదు.

మన దగ్గర 2022 మార్చి, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో పగటి ఎండల లెక్కన దేశంలో అన్నిటికన్నా వేడి మార్చి. 2023 ఫిబ్రవరి పగటి ఎండలు కూడా ఆ నెలకు రికార్డే. మళ్ళీ అదే 2023 మార్చి నడుమ తెలంగాణలో రాళ్ళవానలు. ఇప్పకు మొగ్గ పట్టే కాలం, రాలే కాలం సరిగ్గా అదే. పొడి ఎండ కాస్తే పువ్వు రాత్రికి రాత్రి నిండి తెల్లారేసరికి రాలుతుంది. మబ్బు పడితే రాలదు, వాన పడితే రాలినది పులుస్తుంది. ఊళ్ళో వాళ్ళు మబ్బు గురించి అన్నది కొట్టిపారేసే మాట కాదు.

కరీంనగర్ వాసి | ఏప్రిల్ 9, రాత్రి 8:40

మా దగ్గర వేపచెట్లు కొన్నేళ్ళ కింద కొమ్మలు ఎండిపోయి భయపెట్టాయి. అది కూడా ఎండల వల్లేనా?

గరికచేను | ఏప్రిల్ 9, రాత్రి 9:05

2021 ప్రాంతంలో తెలంగాణ అంతటా వచ్చింది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెగులు. దానికి తోడు టీ దోమ అనే పురుగు కొన్నిచోట్ల చిగుళ్ళ రసం పీల్చింది. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. కొమ్మ ఎండితే అన్నిసార్లూ వాతావరణమే అనుకోకూడదు, చెట్టు దగ్గరికి పోయి చూడాలి.

తమాలే నుంచి | ఏప్రిల్ 10, తెల్లవారుజాము 4:15

గబ్బిలాల మాట వచ్చింది కాబట్టి తేనెటీగల గురించి ఒకటి. పక్కనే ఉన్న బుర్కినా ఫాసోలో షియా పొలాల మీద ఒక అధ్యయనం జరిగింది. షియా తప్ప వేరే చెట్టూ పొదా లేకుండా శుభ్రం చేసిన పొలాల్లో పుప్పొడి చాలక కాయ తగ్గింది. రకరకాల చెట్లు, పొదలు ఉంచిన పొలాల్లో తేనెటీగలు ఎక్కువ, పుప్పొడి కొరత తక్కువ. ఆదాయం ఇచ్చే చెట్టు ఒక్కదాన్నీ ఉంచి మిగతావి కొట్టేస్తే ఆ ఆదాయమే తగ్గిందన్నమాట. షియా పూసేది కొన్ని వారాలే కదా, మిగతా కాలం ఈగకు మేత ఎక్కడిది?

నల్లరేగడి | ఏప్రిల్ 10, ఉదయం 7:30

ఈ ముచ్చట నాకు బాగా తగిలింది. గట్ల మీద ఇప్ప ఉంచి తుమ్మ, రేగు, మోదుగ అన్నీ తీయించిన. పత్తికి మందు కొట్టే కాలం, ఇప్ప పూసే కాలం వేరైనా, ఈగలు బతికేది ఏడాదంతా అదే చేలో కదా. గట్ల మీద మోదుగ మళ్ళీ మొలుస్తోంది. ఈసారి అడ్డంగా ఉన్నవి తప్ప మిగతావి ఉంచుతా.

గోదారిగట్టు | ఏప్రిల్ 10, ఉదయం 9:00

టీచర్ సార్, మొక్కలు లేవన్నారు. మేము పోయిన ఏడాది నుంచి చేస్తున్న పని చెప్తాను. ఇప్ప గింజ ఎక్కువ రోజులు ఆగదు. ఎండబెట్టి దాచి తర్వాత నాటితే మొలవదు. జూన్, జూలైలో పండు రాలగానే గుజ్జు తీసి, ఆ వారంలోనే పెట్టాలి. వేరు తొందరగా లోతుకు దిగుతుంది కాబట్టి పొట్టి కవర్లో పెడితే వేరు మెలికపడి పాడవుతుంది. మేము నేరుగా పోడు గట్ల మీద, పశువులు తొక్కని చోట, రేగుకంప నడుమ పెట్టాం. కంప ఉన్నచోట మేక నోరు పెట్టలేదు, అవి బతికాయి. విడిగా పెట్టినవి పోయాయి. మంట రాకుండా చుట్టూ గడ్డి చెక్కాలి. ఊళ్ళో అందరూ గింజలన్నీ నూనెకు ఆడించకుండా బాగా పూసే చెట్టువి కొన్ని విడిగా ఉంచాలి.

ఏజెన్సీ టీచర్ | ఏప్రిల్ 10, సాయంత్రం 6:45

చాలా థాంక్స్ తమ్ముడూ. మా పిల్లలతో ఒక పని మొదలుపెడదామని అనుకుంటున్నాను. చేలోవి కొన్ని, అడవంచువి కొన్ని చెట్లకు గుర్తు వేసి, మొగ్గ ఎప్పుడు, పువ్వు ఎప్పుడు, కాయ ఎంత అని వారంవారం రాయించాలి. మేడమ్, ఏమేం రాయాలో చెప్తారా?

గరికచేను | ఏప్రిల్ 10, రాత్రి 9:20

చెప్తాను. ప్రతిసారీ అదే చెట్టును చూడాలి, ఇది అన్నింటికన్నా ముఖ్యం. ఆకు, మొగ్గ, పువ్వు, కాయ ఒక్కోదాన్ని "లేదు, కొంచెం, నిండుగా" అని మూడు మెట్లలో రాస్తే పిల్లలకు తేలిక. పూత లేకపోయినా "లేదు" అని రాయాలి, ఖాళీగా వదలకూడదు. చెట్టు చుట్టూ ఏముందో మొదటి రోజే రాసుకోండి: పత్తి, జామాయిల్, గడ్డి, పొదలు. ఆ ఏడాది కింద కాలిందా, కాలితే ఏ నెలలో, కొమ్మలు నరికారా అన్నవీ రాయాలి. వాన కోసం బడి ఆవరణలో ఒక వానమాపిని చాలు. దేశవ్యాప్తంగా సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 నుంచి బడిపిల్లలతో ఇలాంటి పనే చేయిస్తోంది, వాళ్ళ పద్ధతి చూస్తే మీకు సులువవుతుంది. తునికి అయితే ఆడదో మగదో పూత రోజుల్లోనే గుర్తించి రాసుకోండి, ఇంకో పది రోజుల్లో కనిపిస్తుంది. గూడెం పెద్దలను కూర్చోబెట్టి, బాగా పూసిన ఏళ్ళు ఏవో, అప్పుడు వాన ఎలా ఉందో అడిగించండి. వాళ్ళకు పెళ్ళిళ్ళ లెక్కన, జాతరల లెక్కన గుర్తుంటుంది.

పాత రేంజర్ | ఏప్రిల్ 10, రాత్రి 10:00

టీచర్ గారూ, రిజర్వ్ ఫారెస్ట్ లోపలి చెట్లకు గుర్తు వేసేముందు బీట్ ఆఫీసర్‌కు ఒక కాగితం ఇవ్వండి. మేకులు కొట్టకండి, రంగు పట్టీ చాలు. కాలిన గుట్టల తేదీలు శాటిలైట్ అలర్టుల్లో పాతవి కూడా దొరుకుతాయి, ఎలా తీయాలో నేను చూపిస్తాను. జూన్‌లో ఉట్నూరు వస్తున్నాను.

నల్లరేగడి | ఏప్రిల్ 11, ఉదయం 6:50

నా గట్ల మీది ఇప్పలను కూడా ఆ లెక్కలో కలుపుకోండి సార్. పట్టీ నేనే కడతా. గోదారిగట్టు తమ్ముడూ, జూన్‌లో గింజలు నాకు కూడా కొన్ని పంపు. బస్సు పార్సిల్‌లో వేస్తే రెండు రోజుల్లో వస్తాయి, తడి గోనెసంచిలో పెట్టి పంపు.